విడిచేది, విడవనిది

ఇంట్లో, కిటికీ పక్క మంచం
ఫిబ్రవరి 9

అక్కా,

ఈ కోడి గీతలు ఎవరివా అని కళ్లద్దాలు తుడుచుకోకు. నేనే. ఎడమ చేత్తో రాస్తున్నాను. రోజుకో పేజీ రాయమని డాక్టరమ్మ చెప్పింది. "ఏం రాయమంటారు?" అని అడిగితే, "ఎవరినైనా తిట్టండి, చెయ్యి త్వరగా తిరుగుతుంది" అంది. తిట్టడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?

నువ్వు ఆసుపత్రికి వచ్చిన రోజున ఇంకా కట్టు విప్పలేదు కదా. ఇప్పుడు విప్పారు. కుడి చేతికి బొటనవేలూ చిటికెన వేలూ మిగిలాయి. మధ్యలో మూడూ లేవు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు చూడు, నాకిప్పుడు ఆకులు పట్టుకోవడానికి వేళ్లు కూడా లేవు. నవ్వు, ఫరవాలేదు. నేనూ నవ్వాను.

అసలేం జరిగిందో ఆ రోజు నీకు సరిగ్గా చెప్పలేదు. మా లాండ్రీలో దుప్పట్లకి ఇస్త్రీ చేసే పెద్ద ఆవిరి రోలరు ఉంది. తడి దుప్పటి అంచుని ఇద్దరం చెరో పక్క పట్టుకుని అందిస్తే అది లోపలికి లాక్కుంటుంది. దాని మూతి దగ్గర ఒక అడ్డుకడ్డీ ఉండాలి. వేలు తగిలితే చాలు, మిషను టక్కున ఆగిపోతుంది. అయితే దుప్పటి మడత తగిలినా ఆగిపోతోందని, పని వెనకబడుతోందని యజమాని ఆ కడ్డీ తీయించేశాడు. ఏడాది దాటింది. ఆ రోజు దుప్పటి అంచు నా వేళ్లకి చుట్టుకుంది. కరెంటు ఆపడానికి స్విచ్చు గదికి అవతల గోడన ఉంది. అంతే.

యజమాని మా చర్చిలో సంఘపెద్ద కూడా. ఆసుపత్రికి వచ్చి నా మంచం పక్కన మోకరించి ఏడ్చాడు. దొంగ ఏడుపు అనలేను, చొక్కా అంతా తడిసింది. కానీ మర్నాటి నుంచి పాస్టరుగారు రావడం మొదలుపెట్టారు. ఏప్రిల్‌లో కార్మిక శాఖ విచారణ ఉంది. దానికి ముందు ఒక ఆదివారం నేను ఆరాధనలో లేచి ఒక కాగితం చదవాలట. "జరిగింది నా ఏమరుపాటు. యజమానిగారిని మనస్ఫూర్తిగా క్షమించాను. నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు." చదివి అందరి ముందూ సంతకం పెట్టాలి. ఎడమ చేత్తోనైనా చెల్లుతుందట, కనుక్కున్నారు.

పెట్టకపోతే ఏమవుతుందండీ అని అడిగాను. "ఇతరుల్ని క్షమించనివాళ్లకి దేవుడి క్షమాపణ ఉండదమ్మా. ఇది నా మాట కాదు" అన్నారు.

మీ మరిది సంతకం పెట్టేసి హాయిగా ఉందాం అంటున్నాడు. నాకు హాయిగా లేదు. అలాగని దేవుణ్ణి కాదనే ధైర్యమూ లేదు. నువ్వు ముప్పై ఏళ్లుగా పాస్టర్లకే గ్రీకు నేర్పుతున్నావు. సువార్తల్లో ఆ మాట గ్రీకులో ఏమిటి? దానికి క్షమించడం ఒక్కటే అర్థమా? సంతకం కూడా అందులోనే ఉందా?

నీ చెల్లి

*

వేదాంత పాఠశాల గ్రంథాలయం, కిటికీ బల్ల
ఫిబ్రవరి 17

చిట్టీ,

నీ ఉత్తరం చేరింది. ఎడమ చేతి రాత అని నువ్వు చెప్పకపోతే, నీ పాత కుడి చేతి రాత బాగుపడిందనుకునేదాన్ని. "ఏమరుపాటు" ఒక్కటీ తప్పు లేకుండా రాశావు. కాగితంలో చూసి రాసి ఉంటావు.

చెయ్యి గురించి చదివి చాలాసేపు లేవలేకపోయాను. అంతకన్నా రాయడం నాకు చేతకాదు, నీకు తెలుసు.

నువ్వు అడిగిన మాట "అఫియేమి". సువార్తల్లో క్షమించడం అనే చోట ఎక్కువగా కనిపించేది అదే. దాని సాధారణ అర్థం క్షమించడమే. పదాల లోతుల్లోకి వెళ్లి మనసు పాడుచేసుకోకు. క్షమించడం మనిషికి మేలే చేస్తుంది. అయితే కాగితం సంగతి వేరు, దాన్ని ఎవరైనా వకీలుకి చూపించి సంతకం పెట్టు.

మందులు మానకు. ఇక్కడ పరీక్షల పని ఎక్కువగా ఉంది.

అక్క

*

ఇంట్లో, వంటగది బల్ల
ఫిబ్రవరి 26

గౌరవనీయులైన గ్రీకు పంతులమ్మగారికి,

తమరు దయతో పంపిన ఒకటిన్నర పేరా అందింది.

నిన్న పాస్టరుగారు మళ్లీ వచ్చారు. నేను తమరి మాటే చెప్పాను, కాగితం వకీలుకి చూపిస్తానని. ఆయన నొచ్చుకున్నాడు. సంచిలోంచి ఒక పాత నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టాడు. "అమ్మా, నేను సొంతంగా ఏమీ చెప్పడం లేదు. మీ అక్కగారి శిష్యుణ్ణి. ఇదిగో ఆవిడ రాసి ఇచ్చిన పాఠం" అన్నాడు.

అట్టలోపల అతికించిన కాగితం మీద తమరి చేతిరాతే. మన నాన్న నేర్పిన గుండ్రటి అక్షరాలు. ఏముందో తమరికి గుర్తుందో లేదో, నాకు చదవగానే కంఠతా వచ్చింది. "అఫియేమి: క్షమించు. షరతులు లేవు. క్షమించేవాడు ఏమీ కోరడు, ఏమీ అడగడు."

పాపం ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. పరీక్షలో నువ్వు మార్కులేసిన జవాబునే నా మంచం దగ్గర అప్పజెప్తున్నాడు.

ఒక్కటి అడుగుతాను. చిన్నప్పుడు నువ్వు నాకు ఒక్కో మాటకీ అరగంట పాఠం చెప్పేదానివి. "చూడు" అన్న మాటకి తెలుగులో ఎన్ని అర్థాలో చెప్తూ అన్నం చల్లార్చేదానివి. అలాంటిదానివి ఈ ఒక్క గ్రీకు మాటకి ఒక్కటే అర్థం చెప్పి ఊరుకున్నావంటే నేను నమ్మాలా? ఏం దాస్తున్నావు?

నీ చెల్లి, మూడు వేళ్లు తక్కువ

*

హాస్టలు, నా గది
మార్చి 5

చిట్టీ,

తిట్టావు. డాక్టరమ్మ సంతోషిస్తుంది. నాకు ఆ తిట్టు తగిన చోటే తగిలింది.

దాచాను. నీ దగ్గరే కాదు, పంతొమ్మిదేళ్లుగా తరగతి నిండా దాచాను. ముందు అది చెప్పి తర్వాత పాఠం చెప్తాను.

నా నోట్సులో ఆ మాటకి మొదట పూర్తి పేజీ ఉండేది. ఒక ఏడాది మా శిష్యుల్లో ఒకతని భార్య ఆ పేజీ చదివింది. అతను ఆమెని కొట్టేవాడు. ఆమె ఒక ఉదయం చంటిపిల్లని ఎత్తుకుని వెళ్లిపోయింది, వెళ్తూ నా పేజీ బల్ల మీద వదిలి వెళ్లింది. కింద ఒక వాక్యం రాసింది: "నేను క్షమించాను, అందుకే వెళ్తున్నాను." పెద్ద గొడవైంది. ప్రిన్సిపాల్‌గారు పిలిచి, "పేజీ ఉండాలా, మీరు ఉండాలా?" అన్నారు. నేను ఉండాలనుకున్నాను. పేజీ తీసేసి ఆ రెండు వాక్యాలు రాశాను. అలా ఉన్న పంతొమ్మిదేళ్లలో ఎంతమంది నా కాగితం పట్టుకుని ఎన్ని మంచాల దగ్గర కూర్చున్నారో లెక్కపెట్టే ధైర్యం లేక నీకు ఒకటిన్నర పేరా రాశాను.

ఇప్పుడు పాఠం. అన్నం చల్లారినా సరే విను.

అఫియేమి అంటే మొదట విడుచు. చేతిలోంచి వదులు, పంపించు, పోనివ్వు. క్షమించు అనేది దాని పిల్ల అర్థాల్లో ఒకటి. నీకు గ్రీకు అక్కర్లేదు, తెలుగు చాలు. మన "విడుచు" దాదాపు అదే దారిలో నడుస్తుంది. పేతురు అత్తగారికి జ్వరం విడిచింది, అక్కడ ఇదే మాట. జాలరులు వలలు విడిచి వెళ్లారు, ఇదే మాట. సిలువ మీద ఆయన ప్రాణం విడిచాడు, ఇదే. తోటలో పట్టుకోవడానికి వచ్చినప్పుడు శిష్యులందరూ ఆయన్ని విడిచి పారిపోయారు, సిగ్గుపడాల్సిన ఆ చోటా ఇదే. భర్త భార్యని విడిచిపెట్టకూడదు అని అపొస్తలుడు తన ఉత్తరంలో రాసిన చోటా ఇదే. మన విడాకుల్లో కూడా ఆ విడు ఉంది చూడు. ఒక స్త్రీ ఖరీదైన అత్తరు ఆయన తల మీద పోస్తే అందరూ ఆమె మీద పడ్డారు. "ఆమెని వదిలేయండి, ఎందుకు బాధపెడతారు?" అన్నాడాయన. వదిలేయండి అన్నదీ ఇదే మాట.

మరి ఒక చోటు ఉంది. దాన్ని నేను తరగతిలో ఎప్పుడూ తొందరగా దాటేసేదాన్ని. పుదీనా ఆకులో పదో వంతు లెక్కగా దేవుడికి చెల్లించే పెద్దమనుషుల్ని ఆయన నిలదీస్తాడు: ధర్మశాస్త్రంలో బరువైనవాటిని, న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని విడిచిపెట్టారు అని. విడిచిపెట్టారు. అదే అఫియేమి. అంటే ఒకే మాట, చిట్టీ. పగని విడిస్తే క్షమ. న్యాయాన్ని విడిస్తే పాపం. ఏది విడుస్తున్నామన్నదే మొత్తం ప్రశ్న. మీ కాగితం ఆ రెంటినీ ఒకే మూటలో కట్టి నీ చేత విడిచిపెట్టిస్తోంది.

ఇంకొకటి. తప్పు చేసిన సోదరుణ్ణి ముందు గద్దించు, అతను మారితే విడిచిపెట్టు అని ఒక చోట స్పష్టంగా ఉంది. "షరతులు లేవు" అని నేను రాశాను. రాసినప్పుడు ఆ చోటు నాకు తెలుసు.

ఈ పేజీ మీ పాస్టరుకి చూపించు. కింద సంతకం పెడుతున్నాను. ఇది నేనే రాశానని చెప్పు.

అక్క

*

ఇంట్లో
మార్చి 14

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ మరిదికి చదివి వినిపించాను. అతను బస్సుల ఇంజన్లు తప్ప ఏదీ చెవిన పెట్టని మనిషి, "జ్వరం విడిచింది, ప్రాణం విడిచింది... నిజమే కదా" అంటూ సాయంత్రమంతా గొణుక్కున్నాడు. సంతకం ఊసు మళ్లీ ఎత్తలేదు.

నువ్వు దాచింది చెప్పావు కాబట్టి నేను దాచింది కూడా చెప్పేయాలి. చెప్పకుండా చర్చిలో నిలబడితే నేనూ ఆ పుదీనా పెద్దమనుషుల జట్టే.

పోయిన ఏడాది వర్షాకాలంలో ఇదే రోలరు ఇంకో అమ్మాయి చేతిని కాల్చింది. సన్నగా ఉంటుందని అందరం పిచ్చుక అని పిలిచేవాళ్లం. నా జోడీ. దుప్పటికి అటు అంచు ఆమెది, ఇటు అంచు నాది. వేళ్లు పోలేదు గానీ మోచేతి దాకా కాలింది. నేను పరుగెత్తి స్విచ్చు ఆపాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. మర్నాడు యజమాని నన్ను ఆఫీసులోకి పిలిచాడు. అక్కడ టైపు చేసిన కాగితం ఉంది. "ఆమె మాట్లాడుకుంటూ ఏమరుపాటుగా చెయ్యి పెట్టింది. నేను కళ్లారా చూశాను." సాక్షిగా నా సంతకం కావాలి.

ఆ రోజు పిచ్చుక ఒక్క మాట కూడా మాట్లాడలేదక్కా. అడ్డుకడ్డీ లేదు, అంతే. నేను సంతకం పెట్టాను. కుడి చేత్తో. ఇప్పుడు లేని ఆ వేళ్లతోనే. పిచ్చుకని పనిలోంచి తీసేశారు. నన్ను రోలరు దగ్గర పెద్దదాన్ని చేశారు.

యజమాని నన్ను క్షమించమని అడుగుతున్నాడు. నేను పిచ్చుకని అడగలేదు. ఎదురుపడితే వీధి మారుతాను. ఇప్పుడు చెప్పు, నన్ను ఎవరు విడుస్తారు? విచారణలో నిజం చెప్తే ఈ దొంగ సాక్ష్యం కూడా బయటపడుతుంది. నోరు మూసుకుంటే ఇంకో దుప్పటి, ఇంకో చెయ్యి.

చెల్లి

*

గ్రంథాలయం
మార్చి 19

చిట్టీ,

నిన్ను ఓదార్చను. నువ్వు నన్ను ఓదార్చలేదు, అదే నాకు మేలు చేసింది.

ఒక్క చోటే చెప్తాను. అర్పణ పట్టుకుని బలిపీఠం దాకా వచ్చినవాడికి, తన మీద ఇంకొకరికి ఏదో ఫిర్యాదు ఉందని అక్కడ గుర్తొస్తే ఏం చేయాలి? నీ అర్పణ అక్కడే విడిచిపెట్టు, ముందు వెళ్లి ఆ మనిషితో సమాధానపడు, తర్వాత రా. విడిచిపెట్టు. ఏ మాటో నీకు చెప్పక్కర్లేదు. గమనించు, నడవాల్సింది నొప్పి పెట్టినవాడే. నొప్పి పడినవాణ్ణి లేపి పీఠం దగ్గరికి ఈడ్చుకురమ్మని ఎక్కడా లేదు.

మీ యజమాని నడవాల్సిన దారి అది. అతను నడవడం లేదు, పాస్టరుని నడిపిస్తున్నాడు. నువ్వైనా నడువు. ఆమె ఏమన్నా సరే తలుపు దగ్గర నిలబడి విను. వాదించకు. ఏడవకు, నువ్వు ఏడిస్తే ఆమె నిన్ను ఓదార్చాల్సి వస్తుంది.

అక్క

*

ఇంట్లో, మెట్ల మీద
మార్చి 31

అక్కా,

వెళ్లాను. బస్టాండు వెనక మూడంతస్తుల ఇల్లు, ఆమె పై వాటాలో అద్దెకుంటోంది. గుండీలు కుట్టే పని తెచ్చుకుని ఇంట్లోనే చేస్తోంది. ఎడమ చెయ్యి ముడుచుకుపోయింది, చొక్కాని మోకాళ్ల మధ్య నొక్కి పట్టుకుని కుడి చేత్తో కుడుతోంది. నన్ను చూసి లేవలేదు, రమ్మనలేదు. నా చెయ్యి చూసింది. చూస్తూనే ఉంది.

"నేను రాసింది అబద్ధం" అన్నాను. "నువ్వు ఆ రోజు మాట్లాడలేదు. కడ్డీ లేదు. నాకు తెలిసే సంతకం పెట్టాను. విచారణలో ఈ మాట చెప్తాను. నువ్వు రానక్కర్లేదు, నీకు ముందే చెప్పాలని వచ్చాను."

"ఎందుకు పెట్టావు?" అంది.

"భయమేసింది. కొంచెం ఆశ కూడా. పెద్దదాన్ని చేస్తానన్నాడు."

"ఆ రెండో మాట చెప్పావు, సంతోషం" అంది. దారం పళ్లతో తెంపింది. "విను. నిన్ను నేను క్షమించను. ఆ మనసు వస్తుందేమోనని ఇన్ని నెలలుగా చూస్తున్నాను, రావడం లేదు. బలవంతాన తెచ్చుకోను. కానీ సాక్ష్యానికి వస్తాను. తేదీ చెప్పు."

మెట్లు దిగుతుంటే, అక్కా, ఇన్ని నెలల్లో ఇంత నిటారుగా నడిచింది లేదనిపించింది.

ఇక మొన్న ఆదివారం సంగతి. పాస్టరుగారికి నీ పేజీ ముందే పంపించాను. ఆయన తెల్లబోయి ఉన్నాడు. ఆరాధన చివర నన్ను పిలిచాడు. కాగితం, కలం బల్ల మీద పెట్టి ఉన్నాయి. యజమాని మొదటి వరసలో కొడుకులతో, కోడళ్లతో కూర్చున్నాడు. నేను లేచి కాగితం తీసుకోలేదు.

"అయ్యా, మీ మీద నాకున్న పగని విడుస్తున్నాను. మీ ఇల్లు పాడైపోవాలని రెండు నెలలు కోరుకున్నాను. ఈ రోజు నుంచి కోరుకోను. అది విడిచేశాను, మళ్లీ ఏరుకోను. కానీ సాక్ష్యాన్ని విడవను. కడ్డీ లేదన్నది నిజం, దాన్ని విడిచే హక్కు నాది కాదు. నా తర్వాత ఆ రోలరు దగ్గర నిలబడేవాళ్లది. పోయిన ఏడాది ఒక పిల్ల మీద నేను దొంగ సాక్ష్యం రాశాను. దానికి నేనే ఇక్కడ అందరి ముందూ తల వంచుతున్నాను."

తేనెతుట్టె కదిలినట్టు గోల మొదలైంది. "గుడిలో పంచాయితీలా?" అని ఒకరు, "ఎవరు నూరిపోశారు?" అని ఒకరు. యజమాని పెద్ద కోడలు నా దగ్గరికి వచ్చి కాగితం నా ముఖం ముందు ఊపింది. అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలమ్మ, ఎప్పుడూ నిద్రపోతూ ఉంటుందని పిల్లలు నవ్వే మామ్మ, కర్ర నేలకేసి కొట్టి, "దాన్ని వదిలేయండి!" అని అరిచింది. ఆమెకి గ్రీకు రాదు.

వచ్చే వారం నుంచి బల్ల దగ్గరికి, అంటే రొట్టె ద్రాక్షరసం పుచ్చుకోవడానికి, నేను రాకూడదని సంఘపెద్దలు కబురు పంపారు. సరేనన్నాను. ఆరాధనకి మాత్రం వస్తాను, వెనక వరసలో మామ్మ పక్కన కూర్చుంటాను, లేపగలిగితే లేపమనండి అని చెప్పి పంపించాను.

చెల్లి

*

గ్రంథాలయం, అట్టలు అతికించే బల్ల
ఏప్రిల్ 9

నా చిట్టీ,

నీ ఉత్తరం వచ్చిన రోజునే మీ పాస్టరు కూడా వచ్చాడు. నాలుగు గంటలు బస్సులో కూర్చుని వచ్చాడు. టీ ఇస్తే తాగలేదు. నా రెండు కాగితాలూ, పాతదీ కొత్తదీ, బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"అమ్మగారూ, ఇదంతా మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు నాయనా."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను."

అతను కోప్పడతాడనుకున్నాను. తల పట్టుకుని, "నేను ఎంతమంది దగ్గర కూర్చున్నానో మీకు తెలుసా?" అన్నాడు. నేను నీకు రాసిన మాటే. వాళ్ల ఊసు ఒక్కొక్కటే చెప్పాడు. నేను వినాల్సినవే. విన్నాను. నీకు ఇచ్చిన సలహా నాకూ పనికొచ్చింది, ఏడవలేదు.

మర్నాడు మూడో ఏడాది తరగతిలో పాత పేజీ మళ్లీ చెప్పాను. మొత్తం. ఒక విద్యార్థి, "ఇది పరీక్షకి వస్తుందా అండీ?" అన్నాడు. "మీ జీవితమంతా వస్తుంది, మీరు తప్పు రాస్తే సున్నాలు ఇంకొకరికి పడతాయి" అన్నాను. మధ్యాహ్నానికి ప్రిన్సిపాల్‌గారు పిలిచారు. ఇప్పుడున్నాయన అప్పటాయన కాదు, కానీ కుర్చీ అదే. "ఇంకో ఏడాదిలో రిటైరవుతారు, ఈ వయసులో ఎందుకమ్మా?" అన్నారు. "ముప్పై ఎనిమిదో ఏట చేయాల్సింది, ఆలస్యమైంది" అన్నాను. తప్పు ఒప్పుకుంటూ రాసి ఇవ్వమన్నారు. రాసి ఇచ్చాను, పంతొమ్మిదేళ్లు పేజీ దాచడం నా తప్పని. ఆయన కోరింది అది కాదు.

తరగతులు తీసేశారు. గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకి అట్టలు వేసే పని ఇచ్చారు. పిల్లలు అట్టలు చూడ్డానికి వచ్చినట్టు వస్తున్నారు, క్రియాపదాలు అడుగుతున్నారు. నా తరగతి ఇంతకు ముందు ఇంత నిండుగా లేదు.

విచారణ ఎల్లుండి కదా. ఇది చేరేలోపే అయిపోతుందేమో, లేకపోతే రానా అని అడిగేదాన్ని.

అక్క

*

ఇంట్లో
ఏప్రిల్ 13

అక్కా,

నువ్వు రాకపోవడమే మంచిదైంది. వస్తే అధికారిగారి వ్యాకరణం దిద్దేదానివి.

కార్మిక శాఖ ఆఫీసులో రెండో అంతస్తు, పొడుగాటి గది, తిరగని ఫ్యాను. యజమాని, ఆయన వకీలు ఒక పక్క. నేనూ మీ మరిదీ ఇంకో పక్క. పిచ్చుక వచ్చింది. నా పక్కన కూర్చోలేదు, ఒక కుర్చీ వదిలి కూర్చుంది. పాస్టరుగారు అందరికన్నా వెనక, ఎటూ కాని చోట కూర్చున్నాడు.

నేను అన్నీ చెప్పాను. కడ్డీ ఎప్పుడు తీశారో, ఏ మెకానిక్కు తీశాడో, స్విచ్చు ఎంత దూరమో. తర్వాత నా దొంగ సంతకం గురించి చెప్పాను. వకీలు అక్కడ పట్టుకున్నాడు. "ఒకసారి అబద్ధం రాసిన మనిషి ఇప్పుడు నిజం చెప్తోందని ఎలా నమ్మాలి?" అన్నాడు.

"నమ్మొద్దండి" అన్నాను. "రోలరు దగ్గరికి వెళ్లి చూడండి. కడ్డీ బిగించే రంధ్రాలు ఉన్నాయి, కడ్డీ లేదు. రంధ్రాలు అబద్ధం ఆడవు."

పిచ్చుక చొక్కా చెయ్యి పైకి మడిచి బల్ల మీద పెట్టింది. "ఆ రోజు నేను మాట్లాడలేదు" అంది. అంతే చెప్పి కూర్చుంది.

వకీలు చర్చి కాగితం తీశాడు. నేను తప్పు ఒప్పుకున్నానని, సంతకమొక్కటే మిగిలిందని అన్నాడు. ఇది ఎవరు రాశారని అధికారి అడిగింది. వెనక నుంచి పాస్టరుగారు లేచాడు. "యజమానిగారి ఆఫీసులో టైపు చేసి నాకు ఇచ్చారండి. ఆమె అందులో ఒక్క మాట కూడా చెప్పలేదు. నేనే చెప్పించబోయాను." యజమాని వెనక్కి తిరిగి ఆయన్ని చూసిన చూపు నాకింకా కళ్లలో ఉంది. పాస్టరుగారి ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో తెలియదు. నీ దగ్గర అట్టలేసే బల్ల మీద ఇంకొకరికి చోటుంటే చూడు.

నిన్న లాండ్రీ తనిఖీ జరిగింది. రోలరుకి సీలు వేశారు, కడ్డీ పెట్టేదాకా తిప్పకూడదు. పిచ్చుక మీద రాసిన కాగితం కొట్టేశారు. ఆమె గాయానికీ నా గాయానికీ పూచీ యజమానిదేనని తేల్చారు. నా దొంగ సాక్ష్యానికి నాకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. న్యాయమే, తీసుకున్నాను. లాండ్రీలో నాకు ఇక పని లేదు. ఈ చేత్తో ఎలాగూ దుప్పటి పట్టలేను.

విచారణ అయ్యాక మెట్ల దగ్గర యజమాని నన్ను ఆపాడు. వకీలు వద్దంటున్నా ఆగాడు. పది రోజుల్లో పదేళ్లు ముసలివాడైనట్టున్నాడు.

"ఇంత చేశావు కదమ్మా. ఇప్పుడైనా క్షమించావా?" అన్నాడు.

"ఆ ఆదివారమే విడిచానండి" అన్నాను. "అందరి ముందే చెప్పాను. మీరు కాగితం వైపు చూస్తున్నారు, వినలేదు."

చెప్పి మెట్లు దిగాను.

కిందకి వస్తే పిచ్చుక రోడ్డు దాటడానికి నిలబడి ఉంది. నాలుగు చేతుల మీద మా ఇద్దరికీ కలిపి బాగా పనిచేసేవి పదకొండు వేళ్లుంటాయో పన్నెండుంటాయో, నాకు ఆ లెక్క ఎందుకో నవ్వు తెప్పించింది, పైకి నవ్వలేదు. పక్కన వెళ్లి నిలబడ్డాను. లారీలు పోతున్నాయి.

"ఇంకా క్షమించలేదు" అంది, రోడ్డు వైపే చూస్తూ.

"తెలుసు."

"తెలిస్తే చాలు. పద, బస్సొస్తోంది" అంది.

చెల్లి